చట్టము చాలునా?

అంటరానితనమును చట్టము మాన్పగలదా? దాక్షాయణి వేలాయుధన్ గారిని తలచుకొందము. 1912లో కొచ్చి సంస్థానములోని ములవుకాడ్‌లో పులయ కుటుంబమున పుట్టి, 1935లో పట్టభద్రురాలై, ప్రభుత్వ పాఠశాలలలో పాఠములు చెప్పారు. 1946లో రాజ్యాంగ సభకు వెళ్ళారు. అందులో దళిత స్త్రీ ఆమె ఒక్కరే. 1952 వరకు తాత్కాలిక పార్లమెంటులోను ఉన్నారు.

1948 నవంబరు 29న అంటరానితనమును రద్దుచేయు అధికరణమును సభ ఆమోదించినది. ఆమె దానిని స్వాగతించారు. అయినను రాజ్యాంగము ఫలించుట ప్రజల నడతపై ఆధారపడునని హెచ్చరించారు. ఇది బడి నేర్పిన మాటవలె ఉన్నది. నియమమును గోడమీద వ్రాయవచ్చును. ఎవరి ప్రక్కన కూర్చుండవలెనో పిల్లలు ఇంటిలోనే నేర్చుకొందురు.

చట్టము లేనిదే బలహీనునికి అడుగుటకు ఆధారము లేదు. నడత లేనిదే చట్టము కాగితమే. పొరుగు రాష్ట్రములలో స్థిరపడిన మనము కులమును కూడ మూటగట్టి తెచ్చుకొంటిమి గదా! పెండ్లి సంబంధములలో, విందు పంక్తిలో ఎవరిని దూరముంచుచున్నామో పరీక్షించుకొందము.