మూడు మేకులు, మూడు టేపులు

హైదరాబాదు బాలానగర్‌లో ఒక పౌడర్ కోటింగ్ షెడ్డు ఉండేది. దాని యజమాని కష్టజీవి, పొదుపరి. స్టోరులో రకరకాల సామాను పేరుకుపోవడం అతనికి గిట్టేది కాదు. అందుకని షెడ్డు మొత్తానికీ ఒకే టేపు వాడించేవాడు. అది ఏ పెయింట్ల కొట్టులోనైనా దొరికే ముడతల కాగితపు మాస్కింగ్ టేపు.

ఒకసారి అతనికి నీటి పంపుల హౌసింగుల ఆర్డరు వచ్చింది. అవి పోత ఇనుముతో చేసినవి. బేరింగు కూర్చునే చోటు తప్ప ఒంటినిండా నీలం పౌడరు పట్టాలి. ఆ గుండ్రటి సీటును అంతకుముందే వేరే షాపులో మిల్లీమీటరులో వందో వంతు కూడా తేడా రాకుండా లేతు మీద తిప్పి తెచ్చారు. పౌడరు పూత మందం మామూలుగా 60 నుంచి 80 మైక్రాన్లు ఉంటుంది. 1000 మైక్రాన్లు కలిస్తే ఒక మిల్లీమీటరు. వినడానికి లెక్కలోకి రానట్టే ఉంటుంది గానీ, ఆపాటి పొర సీటు మీద పడినా బేరింగు లోపలికి దిగదు.

రంగుకన్నా ముందు బ్లాస్టింగ్ చేయాలి. గట్టి రేణువులను గాలి ఒత్తిడితో లోహం మీదికి చిమ్మి, తుప్పునూ పొలుసునూ ఊడగొట్టి, పూత పట్టు దొరికేలా గరుకు చేస్తారు. ఆ గరుకు హౌసింగు ఒంటికి మేలు, సీటుకు కీడు. కుర్రాళ్లు అలవాటు ప్రకారం సీట్లకు కాగితం టేపు చుట్టారు. రేణువులు దాన్ని చూస్తుండగానే పీలికలు చేసి, నున్నటి సీట్లను గరుకు పట్టించాయి. మొదటి లాటు మొత్తం రిజెక్టయి తిరిగొచ్చింది.

తన పొదుపే కొంప ముంచిందని యజమాని కుమిలిపోయాడు. ఈసారి కొట్టుకు వెళ్లి, ఉన్నవాటిలోకెల్లా ఖరీదైనది అడిగి తెచ్చాడు. అది తేనె రంగులో మెరిసే పాలీఇమైడ్ టేపు. 260 డిగ్రీల సెల్సియస్ వేడిని కూడా తట్టుకుంటుంది. సర్క్యూట్ బోర్డుల మీద కరిగిన టంకం తగలకూడని చోట్ల ఎలక్ట్రానిక్స్ పనివాళ్లు దాన్నే అంటిస్తారు. దాని గురించి కొట్టతను చెప్పినదాంట్లో అబద్ధం లేదు. కాకపోతే ఆ పొర వెంట్రుకకన్నా పలచన. బ్లాస్టింగ్ గదిలో దానికీ కాగితం గతే పట్టింది.

ఆ షెడ్డులో ఒక ముసలి మేస్త్రీ ఉండేవాడు. వయసులో ఉన్నప్పుడు అతను గ్రానైటు శిలాఫలకాల మీద అక్షరాలు తొలిచే పని చేశాడు. అక్షరాల ఆకారంలో కోసిన రబ్బరు షీటును రాతికి అంటించి ఇసుక చిమ్మితే, రాయి తొలుచుకుపోయేది, రబ్బరు మాత్రం నిలిచేది. గట్టిదనం వల్లే రాయి దెబ్బను మోయలేక పెచ్చులూడుతుంది. రబ్బరు దెబ్బకు లోపలికి లొంగి, మళ్లీ లేచి, రేణువును వచ్చిన దారినే పంపేస్తుంది. అది తలచుకుని మేస్త్రీ మందపాటి రబ్బరు టేపు తెప్పించాడు. బ్లాస్టింగ్ అయ్యాక ఒక మూల ఎత్తి చూస్తే, కింద సీటు లేతు మీది నుంచి దించినట్టే ఉంది.

యజమాని పొంగిపోయాడు. తనకు కావలసిన టేపు దొరికిందనుకున్నాడు. మేస్త్రీ సెలవులో ఉన్న రోజు, ఆ టేపును తీయించకుండానే హౌసింగులకు పౌడరు చల్లించి ఓవెన్‌లోకి తోయించాడు. పౌడరు కరిగి, పరుచుకుని, గట్టిపడాలంటే సుమారు 200 డిగ్రీల వేడి కావాలి. పోత ఇనుము లావుపాటి లోహం, నిదానంగా వేడెక్కుతుంది కాబట్టి లోపల ఎక్కువసేపే ఉంచాలి. అంతసేపూ రబ్బరు ఉడికింది. షెడ్డంతా కమురు వాసన కొట్టింది. బయటికి తీసేసరికి టేపు వెనకున్న గమ్ము కరిగి సీటుకు తారులా పట్టేసి ఉంది. కుర్రాళ్లు థిన్నరుతో తుడిచారు, బ్లేడుతో గీకారు. ఇసుక చేయలేకపోయిన గాయాలు బ్లేడు చేసింది. రెండో లాటూ పోయింది.

మేస్త్రీ తిరిగొచ్చి, మూడో లాటును తన చేతుల మీద నడిపించాడు. బ్లాస్టింగుకు రబ్బరు టేపు అంటించాడు. ఆ పని కాగానే దాన్ని తీసేసి, సీటును శుభ్రంగా తుడిచి, ఆకుపచ్చ పాలియెస్టర్ టేపు అంటించాడు. దాని గమ్ము సిలికాన్‌ది, ఓవెన్ వేడికి కరగదు. అయితే ఆ గమ్ము పూత పడాల్సిన చోట ఏమాత్రం తగిలినా అక్కడ రంగు నిలవక చిన్న చిన్న గుంటలు పడతాయి. అందుకే సీటు అంచు దాటకుండా ఓపిగ్గా అంటించాడు. ఓవెన్ నుంచి తీశాక హౌసింగులు పూర్తిగా చల్లారేదాకా ఆగలేదు. వేడి మీదుండగానే టేపును వెనక్కి మడిచి మెల్లగా లాగాడు. చల్లారాక లాగితే గట్టిపడిన పూత అంచు పెళ్లలుగా ఊడుతుంది.

అసలు మాస్కింగ్ టేపు పుట్టిందే మెత్తగా ఊడిరావడం కోసం. 1920లలో అమెరికాలో కార్లకు రెండు రంగులు వేయడం వాడుకగా మారినప్పుడు, గట్టిగా అంటుకున్న టేపును పీకితే కొత్త రంగు దాంతోపాటే లేచొచ్చేది. పెయింటర్ల అవస్థ చూసి, త్రీఎం కంపెనీలో పనిచేసే రిచర్డ్ డ్రూ 1925లో రంగును వదిలి వచ్చే టేపు తయారు చేశాడు. ఇది ఆ మేస్త్రీకి తెలియదు. కానీ అతని చేతులకు తెలుసు.

మూడో లాటు పాసయింది. యజమాని కాగితం టేపు చుట్టలన్నీ పారేయబోతే మేస్త్రీ అడ్డుపడ్డాడు. స్ప్రే పెయింటు వేసే మూలకు వాటిని తీసుకెళ్లి, ఒక ఫ్యాను గార్డు వంపుకు చుట్టి చూపించాడు. ముడతలున్న కాగితం గనుక వంపు వెంట సాగి, ఎక్కడా లేవకుండా కూర్చుంది. అక్కడ రేణువుల దెబ్బ లేదు, ఓవెన్ లేదు, పూట గడవకముందే తీసేస్తారు. అందుకు ఆ చవక టేపే తగినది. తర్వాత మేస్త్రీ గోడకు మూడు మేకులు కొట్టి, మూడు రకాల టేపులు తగిలించాడు. ఒకటి బ్లాస్టింగ్ గది గుమ్మం పక్కన, ఒకటి ఓవెన్ పక్కన, ఒకటి స్ప్రే మూలలో.

నీతి: దేన్నైనా కాపాడబోయే ముందు, దాని మీదికి వచ్చే ఆపద ఏదో తెలుసుకుని, దానికి తగిన తోడును నిలబెట్టాలి, ధర చూసో, వేరేచోట గెలిచిందని చూసో నిలబెడితే కాపాడవలసినదీ పోతుంది, కాపాడబోయినదీ పోతుంది. ఒకచోట చిరిగిపోయిందని దేన్నీ, ఎవరినీ పారేయకూడదు, వాళ్లకు తగిన చోటు వేరే ఉండవచ్చు. ఇక పని ముగిశాక, కాపాడినదానికి గాయం కాకుండా తప్పుకోవడం కూడా కాపాడటంలో భాగమే.