ఇంట చేసిన కానుక – ఇచ్చేవారి ధర్మం

కొన్న వస్తువును కానుకగా ఇవ్వడం మేలా, స్వయంగా చేసినదాన్ని ఇవ్వడం మేలా అనే ప్రశ్న పైకి చాలా చిన్నదిగా కనిపిస్తుంది. ఐసెలిన్ ప్రాంతంలో నివసించే మనవంటి వారికి అది ప్రతి దీపావళికీ, ప్రతి పెళ్ళికీ, ప్రతి పురిటింటికీ ఎదురవుతూనే ఉంటుంది. ఎడిసన్ నుంచి ఐసెలిన్ దాకా సాగే ఓక్ ట్రీ రోడ్డు మీది అంగళ్ళలో శీకాయ పొడి, కుంకుడుకాయలు, ఆముదం, కొబ్బరినూనె, సున్నిపిండి పొట్లాలు అన్నీ దొరుకుతాయి. పది నిమిషాలలో పని అయిపోతుంది. అయినా మన ఇళ్ళలో కొందరు పెసలు, శనగపప్పు, బియ్యం తూచి, కచ్చూరాలు, వట్టివేళ్ళు, ఎండిన గులాబీ రేకులు కూర్చి, సున్నిపిండి తామే తయారు చేసి, గాజు సీసాలలో నింపి, మూతకు పట్టుదారం కట్టి బంధువులకు పంచుతున్నారు. నవంబరు నెలలో న్యూజెర్సీ ఎండను నమ్ముకొని దినుసులు ఆరబెట్టడం జరిగే పని కాదు కనుక ఓవెన్‌లో సన్నని సెగ మీద ఆరబెడతారు. రోలు లేదు కనుక మిక్సీలో పట్టి, పలుచని గుడ్డతో జల్లిస్తారు. ఇంత శ్రమ ఎందుకు అని అడిగితే చాలామంది చెప్పే సమాధానం ఒక్కటే: ఇంట చేసినదైతే మంచిది. ఈ 'మంచిది' అనే మాటలో రెండు అర్థాలు కలిసి ఉన్నాయి. ఒంటికి మంచిది అన్నది ఒకటి, మనసుకు మంచిది అన్నది రెండవది. ఈ రెండూ ఒకటి కావని, మొదటిదాన్ని నిరూపించకుండా రెండవదాని మీద ఆధారపడటం న్యాయం కాదని చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

నలుగుపిండికి మన సంస్కృతిలో ఉన్న స్థానం సామాన్యమైనది కాదు. నరక చతుర్దశి నాటి అభ్యంగన స్నానం, భోగినాటి తలంటు, పెళ్ళికూతురిని చేసే నాటి నలుగు, పసిబిడ్డకు పోసే నీళ్ళు, వీటిలో ఏదీ అది లేకుండా జరగదు. పార్వతీదేవి తన ఒంటికి రాసుకొన్న నలుగుపిండి తీసి ముద్దచేసి బాలునిగా మలచి ద్వారం వద్ద నిలబెట్టిందన్న కథ మనకందరికీ తెలుసు. చేతితో చేసిన దానిలో చేసినవారి అంశ ఉంటుందన్న మన నమ్మకానికి ఇంతకంటె చక్కని ఉదాహరణ మరొకటి కనబడదు. మారిషసు దేశంలో 'సఫ్రాన్' అంటే కుంకుమపువ్వు కాదు, పసుపు. పెళ్ళికి ముందు పసుపు రాసే వేడుకకూ అక్కడ అదే పేరు. భాష క్రియోలుగా మారినా చేతి పసుపు మారలేదు. ప్రసంగవశాత్తు మరొక మాట. 'షాంపూ' అనే పదం కూడా ఒంటిని మర్దించడాన్ని తెలిపే హిందీ మాట నుంచి ఇంగ్లీషులోకి వెళ్ళినదే. మనవారు ఈనాడు దాన్ని విదేశీ సరుకని భావించి కొంటున్నారు.

ఇక ఇవ్వడం అన్న విషయానికి వద్దాం. భగవద్గీత పదిహేడవ అధ్యాయంలో దానాన్ని మూడు విధాలుగా చెప్పారు. ప్రత్యుపకారం చేయలేనివానికి, ఇవ్వవలసినదే అన్న భావంతో, దేశకాలపాత్రాలు చూచి ఇచ్చేది సాత్త్వికం. తిరిగి ఏదో వస్తుందని ఇచ్చేది రాజసం. ఈ కొలతతో కొలిస్తే మన పండుగ కానుకలలో అధికభాగం రాజసమే అవుతుంది. ఈ దీపావళికి మనం సీసా ఇస్తే సంక్రాంతికి వారింటి నుంచి పళ్ళెం వస్తుంది. రాకపోతే మనసులో ఒక లెక్క మిగిలిపోతుంది. 1925లో మార్సెల్ మోస్ అనే ఫ్రెంచి పండితుడు కానుకపై రాసిన ప్రసిద్ధ గ్రంథంలో ఇవ్వడం, పుచ్చుకోవడం, తిరిగి ఇవ్వడం అనే మూడూ విధులేనని, కానుక ఎన్నటికీ పూర్తిగా ఉచితం కాదని వాదించాడు. ఆయన మన ధర్మశాస్త్రాలను కూడా పరిశీలించాడు. నా అభిప్రాయంలో దానం వేరు, కానుక వేరు. దానం అసమానుల మధ్య జరుగుతుంది. కానుక సమానులను సమానులుగా నిలిపి ఉంచే ఏర్పాటు. దానిలో బదులు ఆశ ఉండటం దోషం కాదు, అది బంధుత్వం నడిచే తీరు.

అయితే పుచ్చుకోవడం గురించి మన పూర్వులు చేసిన ఆలోచన మరింత లోతైనది. మితాక్షరలో విజ్ఞానేశ్వరుడు దానానికి రెండు అంగాలు చెప్పాడు: ఇచ్చేవాడు తన స్వత్వాన్ని విడవడం, పుచ్చుకొనేవానికి స్వత్వం కలగడం. ఈ రెండవది పుచ్చుకొనేవాడు అంగీకరిస్తేనే పూర్తి అవుతుంది. వ్రతాలలో వాయనం ఇచ్చే ముత్తయిదువ ఇచ్చానని పలకడం, పుచ్చుకొనే ఆమె పుచ్చుకొన్నానని బదులు పలకడం, అదీ కొంగు పట్టి పలకడం, ఈ సూత్రానికి ఆచారరూపమే. అంగీకారం అంటే తెలిసి అంగీకరించడం. ఏమిటో తెలియనిదాన్ని పుచ్చుకొన్నవాడు దేనికి ఒప్పుకొన్నట్లు?

ఈ విషయం మనకు, అంటే తోటలకు వెళ్ళిన కూలీల వంశీకులకు, పుస్తకాలు చదివి తెలియవలసినది కాదు. 1860 నవంబరు 16న మద్రాసు నుంచి నేటాలు చేరిన ట్రూరో ఓడలోనివారు, అంతకు ముందే కోరంగి రేవు నుంచి మారిషసుకు వెళ్ళి ఆ రేవు పేరుతోనే 'కోరంగీలు'గా పిలువబడినవారు, 1903 తరువాత మద్రాసు నుంచి ఫిజీకి వెళ్ళినవారు, అందరూ ఒక కాగితానికి ఒప్పుకొన్నవారే. వారిలో ఎందరికి ఆ కాగితంలోని మాటలు పూర్తిగా తెలుసు? ఫిజీ ఒప్పందం ప్రకారం అయిదేళ్ళు, రోజుకు తొమ్మిది గంటలు, శనివారం అయిదు గంటలు. పురుషునికి రోజుకు ఒక షిల్లింగు, స్త్రీకి తొమ్మిది పెన్నీలు. మారిషసులో ఒకరోజు పనికి రాకపోతే రెండు రోజుల కూలి కోసేవారు. మనిషి కాలాన్ని మరొకడు కొని, లెక్కకట్టి, కోతపెట్టిన వ్యవస్థ అది. అటువంటి వ్యవస్థలో రోజంతా చెరకు నరికిన స్త్రీ రాత్రి వేళ పొరుగింటి పిల్లకు నలుగు పెట్టడానికి పిండి విసిరి ఉంటే, ఆ అరగంటకు షిల్లింగులలో విలువ లేదు. ఏ సర్దారు పుస్తకానికీ ఎక్కని అరగంట అది. చేతితో చేసిన కానుకకు మనం ఇచ్చే గౌరవానికి మూలం నాకు ఇక్కడే కనబడుతుంది. ఆ పిండి గొప్పది కావడం వల్ల కాదు, ఆ కాలం ఆమెది కావడం వల్ల.

ఈ కారణం చేతనే ఇంట చేసిన కానుక ఇచ్చేవారు కొన్న కానుక ఇచ్చేవారిని చిన్నచూపు చూడటం నాకు నచ్చదు. రాత్రి షిఫ్టు చేసి, మెట్రోపార్క్ స్టేషనులో రైలు దిగి, దారిలో ఒక సబ్బుల పెట్టె కొని పుట్టినరోజుకు తెచ్చిన తమ్ముడు తన కాలాన్ని ముందే కూలికి మార్చి, ఆ కూలిని పెట్టెగా మార్చి తెచ్చాడు. కాలం మారకం అయింది, అంతే. పిండి పట్టే తీరిక ఉండటం కూడా ఒక సంపదే. ఆ సంపద ఉన్నవారు అది లేనివారిని ప్రేమ లేనివారని అనడం అన్యాయం. దుకాణపు సబ్బుకు ఉన్న చరిత్ర మాత్రం నిర్మలమైనదని నేను అనను. సబ్బుల వ్యాపారంలో పేరుపొందిన లివర్ కంపెనీ 1911లో బెల్జియన్ కాంగోలో తాటిజాతి నూనె కోసం విస్తారమైన భూములు సంపాదించి, నిర్బంధపు పనితో నడిపించింది. మలయాలో కొబ్బరి, రబ్బరు తోటలలో మన తెలుగువారే పనిచేశారు. నురగ వెనుక తోట ఉంటుంది. ఆ మాటకు వస్తే మనం సీసాలో నింపే కొబ్బరినూనె వెనుకా ఉంటుంది.

ఇప్పుడు ఒంటికి మంచిది అన్న మొదటి అర్థాన్ని చూద్దాం. అసలు ధర్మసంకటం ఇక్కడ ఉన్నది. దుకాణంలో అమ్మే లేపనం మీద ఏయే పదార్థాలు ఉన్నాయో ముద్రించాలని ఈ దేశపు చట్టం శాసిస్తుంది. బంధువుకు ఇచ్చే సీసా మీద చీటీ ఉండదు. పెద్దమ్మ చేసిన పిండిని చీటీ ఏదని అడిగే మర్యాద మనలో లేదు. అంటే కొన్న వస్తువు విషయంలో మనిషికి ఉన్న జాగ్రత్త ప్రేమతో ఇచ్చిన వస్తువు విషయంలో తొలగిపోతుంది. నమ్మకం ఎంత ఎక్కువో ప్రమాదం అంత దగ్గర.

ఊహించి చెప్పడం లేదు. 2017లో రట్గర్స్ విశ్వవిద్యాలయ పరిశోధకులు న్యూజెర్సీలోని దక్షిణాసియా దుకాణాలలో కొన్న 95 సింధూరం నమూనాలను, భారతదేశంలో కొన్న 23 నమూనాలను పరీక్షించి ఫలితాలు ప్రకటించారు. న్యూజెర్సీ నమూనాలలో 83 శాతంలో గ్రాముకు కనీసం ఒక మైక్రోగ్రాము సీసం ఉన్నది. గ్రాముకు 20 మైక్రోగ్రాములు అనే హద్దును ఇక్కడి నమూనాలలో సుమారు 19 శాతం, అక్కడివాటిలో సుమారు 43 శాతం దాటాయి. పసిపిల్లల రక్తంలో ఇంత సీసం ఉంటే పరవాలేదు అని చెప్పగలిగిన హద్దు ఏదీ లేదని వైద్యులు చెబుతున్నారు. కాటుక సంగతీ ఇటువంటిదే. సీసపు ఖనిజంతో చేసే సుర్మా జాతి కాటుకను కంటికి పెట్టే రంగుగా ఈ దేశం అనుమతించదు. బిడ్డకు దిష్టి తగలకూడదని పెట్టే చుక్క బిడ్డకు హాని చేయడం కంటె విపరీతం మరొకటి ఉంటుందా? పసుపు విషయంలో కూడా జాగ్రత్త అవసరమే. కొన్నిచోట్ల వ్యాపారులు రంగు కోసం పసుపులో సీసపు సమ్మేళనం కలుపుతున్నట్లు బయటపడింది. 2016లో ఈ దేశంలో కొన్ని పసుపు పొట్లాలను సీసం కారణంగా వెనక్కి రప్పించారు. అటువంటి పసుపుతో ఇంట పట్టిన సున్నిపిండిని ఏ మిక్సీ శుద్ధి చేయగలదు?

మన పెద్దలు తరతరాలుగా వాడలేదా అని కొందరు అడగవచ్చు. వాడారు. కాని వారు వాడినది ఏమిటో వారికి తెలుసు. పసుపు కొమ్ము పెరటిలోనో పొరుగు చేనిలోనో తవ్వినది. కుంకుమ పసుపును సున్నంతో కలిపి ఎర్రబరచినది. సింధూరం అన్నది వేరే పదార్థం. పూర్వం నుంచి ఆ పేరుతో పిలిచిన ఎర్రని పొడి సీసపు భస్మమే. ఈ రెంటికీ మధ్య ఉన్న భేదాన్ని మరచి, ఎర్రగా ఉన్నదంతా కుంకుమ అనుకొనేది మనమే గాని వారు కారు. అట్లని పెద్దల దినుసులన్నీ నిర్దోషాలని కూడా అనలేము. సున్నిపిండిలో కొందరు వేసే బావంచాలలో సోరాలెన్ అనే పదార్థం ఉన్నది. అది చర్మానికి తగిలిన తరువాత ఎండ సోకితే చర్మం కమలవచ్చు. బొల్లి మచ్చల చికిత్సలో ఆ గుణాన్నే వైద్యులు మోతాదు చూచి వాడుకొంటారు. మోతాదు చూడని చోట అదే గుణం దోషమవుతుంది. పెసరపిండి, శనగపిండి పడనివారూ ఉంటారు. ఇంట సబ్బు వండేవారు కాస్టిక్ సోడా వాడతారు. సోడా నూనెతో పూర్తిగా కలిసి, సబ్బు నాలుగైదు వారాలు ఆరకముందే తొందరపడి పంచితే చర్మం మండుతుంది. పెరుగో, రోజ్ వాటరో కలిపి తడిగా సీసాలో పెట్టిన లేపనం కొద్ది రోజులలోనే క్రిములకు నెలవు అవుతుంది. పొడిగా ఉంచి, వాడేటప్పుడు మాత్రమే తడిపే మన సున్నిపిండి పద్ధతి ఈ విషయంలో తెలివైనదే.

కనుక ఇచ్చేవారి ధర్మం శ్రమతో పూర్తి కాదన్నది నా నిశ్చితాభిప్రాయం. దేశకాలపాత్రాలు చూచి ఇవ్వాలని గీత చెప్పిన మాటలో పాత్రం అంటే యోగ్యుడు అని మాత్రమే అర్థం చెప్పి వదిలేస్తున్నాం. ఎవరి చర్మం, ఎంత వయసు, ఏమి పడదు అన్నవి కూడా పాత్ర విచారణే. నెలల బిడ్డకు వాసన దినుసులు లేని ఒట్టి పెసరపిండి ఇవ్వడం, కొమ్ముగా ఉన్న పసుపు కొని ఇంట దంచుకోవడం, మూతకు కట్టే పట్టుదారంతో పాటు దినుసుల పేర్లు, పట్టిన తేదీ రాసిన చిన్న కాగితం కట్టడం, ఇవేవీ ప్రేమకు తక్కువ చేయవు. కాగితం కడితే అంగడి సరుకులా ఉంటుందని ఒక పెద్దావిడ ఈ మధ్య ఆక్షేపించారు. ఆమె బాధ నాకు అర్థమయింది. కాని తెలియని కాగితానికి ఒప్పుకొన్నవారి సంతతికి తెలిసిన కాగితం కట్టి ఇవ్వడంలో చిన్నతనం ఏమున్నది?

పుచ్చుకొనేవారి విషయం మరింత చిక్కైనది. పిన్నిగారు ఇచ్చిన కాటుక భరిణె బిడ్డకు పెట్టడం ఇష్టం లేని తల్లి ఏమి చేయాలి? వద్దంటే మనసు నొచ్చుకుంటుంది. తీసుకొని పారవేసి, బాగుందని చెబితే అసత్యం. నొప్పించకుండా ఉండటానికి చెప్పే చిన్న అసత్యాన్ని మనవారు ఉదారంగానే చూస్తారు. కాని ఆ తల్లి ఊరుకొంటే పిన్నిగారు అదే కాటుక మరో నలుగురు బిడ్డలకు ఇస్తారు. అందుకని ఆమె భరిణెను రెండు చేతులా అందుకొని, కళ్ళకు అద్దుకొని, దేవుని గూటిలో పెట్టి, "పిన్నిగారూ, ఇది బిడ్డ కంటికి పెట్టను, డాక్టరు వద్దన్నారు, మీరు కూడా ఎవరికీ ఇవ్వకండి" అని అప్పుడే, అక్కడే చెప్పడం మంచిదని నాకు తోస్తుంది. పిన్నిగారు ఆ రోజు కాఫీ తాగకుండా వెళ్ళిపోయినా సరే.