తెలియక విడిచిన బాణము

తెలియక చేసిన పనికి దోషము అంటుతుందా అనే ప్రశ్న ధర్మవిచారణలో కొత్తది కాదు. భక్తులలో పలువురు దీనికి తేలికగానే సమాధానము చెప్పుకొంటారు. భావము శుద్ధమైతే చాలును, భగవంతుడు చూచేది మనస్సును గాని చేతిని కాదు అని వారి నమ్మకము. ఇందులో సత్యము లేకపోలేదు. ఎంగిలి మాంసమును నివేదించిన తిన్నని కాళహస్తీశ్వరుడు కన్నప్పగా చేసికొన్నది ఆ భావమును చూచియే. ఐతే భగవంతునికి, భక్తునికి మధ్య చెల్లిన ఈ న్యాయము తోటిమానవునికి కీడు జరిగినచోట గూడ చెల్లుతుందా? తన మనస్సులో చెడు లేదన్న ఒక్క మాటతో మనిషి తప్పుకొనగలడా? దేవాలయమునకు ఎంతో దూరమైన ఒక స్థలము ఈ ప్రశ్నను మిక్కిలి కఠినముగా అడుగుతున్నది. అది తుపాకితో గురిచూచి కాల్చుట అభ్యసించే ఆరుబయలు మైదానము.

మన దేశములో సామాన్యగృహస్థుడు తుపాకిని చూచేది పోలీసు భుజముపైననో, బ్యాంకు కావలివాని చేతిలోనో మాత్రమే. 1959 నాటి ఆయుధముల చట్టము ప్రకారము లైసెన్సు లేనిదే దానిని ఉంచుకొనరాదు. కళాశాలలో ఎన్.సి.సి.లో చేరినవారు ఏ పాయింట్ 22 రైఫిలునో పట్టి ఉండవచ్చును. తక్కినవారికి ఆ అనుభవము లేదు. అమెరికాలో పరిస్థితి వేరు. అక్కడ పలుచోట్ల ప్రభుత్వమే ప్రజలకొరకు ఇట్టి మైదానములను నడుపుతున్నది. అరిజోనా రాష్ట్రములో ఫీనిక్సు నగరపు ఉత్తరభాగమున ఉన్న బెన్ ఏవరీ మైదానమును నిర్వహించేది ఆ రాష్ట్రపు వన్యప్రాణి, మత్స్యశాఖ. 1937 నాటి పిట్మన్-రాబర్ట్‌సన్ చట్టము క్రింద తుపాకులపైన, తూటాలపైన వసూలైన పన్నును వన్యప్రాణి సంరక్షణకు వెచ్చిస్తారు. అందులో కొంత ఇట్టి మైదానముల నిర్మాణమునకు గూడ చేరుతుంది. ప్రాణము తీసే పనిముట్టుపై వేసిన పన్ను ప్రాణిరక్షణకు చేరుట ఒక వింత. ఉద్యోగరీత్యా ఆ దేశములో స్థిరపడిన తెలుగువారు గూడ మిత్రుల వెంట మొదటిసారిగా ఇట్టి చోటికి వెళ్ళడము కలదు.

అట్లు వెళ్ళినవానికి మొదట ఎదురయ్యేది శబ్దము. వాహనము దిగకమునుపే అది గుండెలో వినిపిస్తుంది. చెవులకు రక్షణకవచము, కన్నులకు అద్దములు లేనిదే లోనికి రానీయరు. కప్పు క్రింద వరుసగా బల్లలు, ఎదుట కాగితపు గురులు, వాటి వెనుక తూటాలను మ్రింగివేసే ఎత్తైన మట్టిగట్టు. ఇంతవరకు అతడు ఊహించినదే. ఊహించనిది ఏమనగా, అక్కడ కాల్చుట నేర్పక మునుపు కాల్చకుండుట నేర్పుతారు. ప్రతి తుపాకియు నిండియున్నదనే భావించవలెను. నాశనము చేయదలచని దేనివైపునకును దాని గొట్టము తిప్పరాదు. గురి కుదిరేవరకు మీటపై వేలు వేయరాదు. గురిని మాత్రమే గాక దాని వెనుక ఏమున్నదో గూడ ఎరిగి ఉండవలెను. ఈ చివరి నియమము కొత్తవానికి చాదస్తముగా తోస్తుంది. కాని అన్నిటికంటె చిన్నదని పేరుపడిన పాయింట్ 22 తూటా గూడ సుమారు ఒకటిన్నర మైలు పోగలదు. కాగితమునకు రంధ్రము పడినంతమాత్రమున దాని ప్రయాణము ముగియదు. మట్టిగట్టు ఉన్నది అందుకే.

నడుమ నడుమ కాల్పులు ఆపించి, కాగితములు మార్చుకొనుటకు అందరినీ ముందుకు పంపుతారు. ఆ సమయమున తుపాకులన్నీ ఖాళీ చేసి, తెరచి, బల్లపై ఉంచి, నేలపై గీచిన గీత వెనుకకు జరగవలెను. ముందు మనుష్యులు నడుస్తున్నంతసేపు ఎవరును తుపాకిని ముట్టరాదు. దుమ్ము తుడుచుటకైనను ముట్టరాదు. మరొక నియమము చాల లోతైనది. కాల్పులు తిరిగి మొదలుపెట్టించే అధికారము ఒక్క అధికారికే ఉంటుంది. కాని ప్రమాదము కనబడినపుడు ఆపుమని కేకవేసే అధికారము అక్కడున్న ప్రతివానికిని ఉన్నది. ఆ ఉదయమే వచ్చిన కొత్తవాడు కేకవేసినను, ముప్పది యేండ్ల అనుభవము గలవాడు సైతము ఎందుకని అడుగక ఆపవలసినదే.

కొత్తవాడు సాధారణముగా చేసే పొరపాటు ఒకటున్నది. తుపాకి ఖాళీ అయినదని రూఢి చేసికొంటాడు. దానిని చేత పట్టుకొనియే, వెనుకనున్న మిత్రునితో ఏదో చెప్పుటకు తిరుగుతాడు. అతనితోపాటు గొట్టమూ తిరుగుతుంది. అధికారి గద్దిస్తాడు. కొత్తవాని మనస్సు చివుక్కుమంటుంది. అది ఖాళీది, తనకు ఎవరికీ హాని చేయు తలంపు లేదు, ఇంతమంది ఎదుట ఈ అవమానమేమిటి అనుకొంటాడు. అతడు అనుకొన్నది అక్షరాలా నిజము. కాని ఆ అధికారి అతని మనస్సును పరీక్షించడు. గొట్టము ఎటు తిరిగినదో అది మాత్రమే చూస్తాడు. జీవితమంతా సద్భావమే తనకు రక్ష అని నమ్మినవానికి, ఆ రక్ష ఏమాత్రము పనిచేయని చోటు ఒకటున్నదని తెలియుట చిన్న విషయము కాదు.

మహాభారతములో ద్రోణాచార్యుడు ఏర్పరచినది గూడ ఇట్టి అభ్యాసక్షేత్రమే. చెట్టుకొమ్మపై ఆయన నిలిపినది ప్రాణమున్న పక్షిని కాదు, శిల్పులచేత చేయించిన కృత్రిమ పక్షిని. చెట్టు కనబడుటలేదు, కొమ్మ కనబడుటలేదు, పక్షి తల మాత్రమే కనబడుచున్నదన్న అర్జునుని ఏకాగ్రతను లోకము యుగయుగములుగా కీర్తిస్తున్నది. లోకప్రసిద్ధిలో తల కాస్తా కన్నైనది. కీర్తించదగినదే. కాని అంత ఏకాగ్రత నిరపాయముగా సాగినది, చంపవలసిన పక్షి అక్కడ లేకుండ గురువు ముందే జాగ్రత్తపడినందున గూడ అని తలచేవారు తక్కువ. గురి తప్ప మరేమీ కనబడకుండుట సాధకునికి గుణమే. గురి చుట్టును ఎవరున్నారో చూచేవాడు లేనిచోట అదే గుణము ప్రమాదమునకు త్రోవ.

దశరథుని కథ ఇందుకు నిదర్శనము. వర్షాకాలపు చీకటిలో, సరయూతీరమున, నీటిలో కుండ నిండే శబ్దమును ఏనుగు నీరు త్రాగే శబ్దమనుకొని ఆ యువరాజు బాణము విడిచాడు. శబ్దము విని కొట్టగలడన్న కీర్తి ఆయనకు అప్పటికే ఉన్నది. గురి తప్పలేదు, గురి ఏమిటో తెలియకపోవుటయే అపరాధము. తెలుగునాట శ్రవణకుమారుడని చెప్పుకొనే ఆ మునిబాలునికి వాల్మీకి రామాయణములో పేరు లేదు. ఆ బాలుడు ప్రాణము పోతుండగా, తండ్రికి ఈ వార్త తానే పోయి చెప్పుమని దశరథుని కోరాడు. దశరథుడు ఆ నీటికుండను తీసికొని అంధులైన ఆ తల్లిదండ్రుల యొద్దకు వెళ్ళాడు. తెలియక జరిగినదని చెప్పాడు. కాని దానిని డాలుగా పట్టుకొనలేదు. ఇకపై జరుగవలసినదానిని మునియే నిర్ణయించవలెనని నిలుచున్నాడు.

ఎంతోకాలము తరువాత, రాముడు అడవికి వెళ్ళిన ఆరవనాటి రాత్రి, కౌసల్యతో ఈ వృత్తాంతము చెప్పుతూ ఆయన తనను తెలియక విషము తిన్న బాలునితో పోల్చుకొంటాడు. తెలియదు గనుక విషము ఊరకుండదు. ఇది కర్త చెప్పుకొన్న మాట. ముని పలుకు మరొక విధముగా ఉన్నది. నీ అంతట నీవు వచ్చి చెప్పకపోయినచో నీ తల వ్రక్కలయ్యేది, తెలియక చేసినందున ఇంకా బ్రతికియున్నావు అన్నాడు. పుత్రశోకముతో మరణించుమన్న శాపము తప్పలేదు. కాని తెలియమి అనే మాటకు విలువ కట్టినది కొడుకును పోగొట్టుకొన్న ముని. బాణము విడిచినవాడు కాదు. ధర్మసూక్ష్మము ఇక్కడ ఉన్నది.

మన కాలమున, ఆ అరిజోనా రాష్ట్రములోనే, 2014 ఆగస్టు 25న ఇట్టి ఒక ఆరుబయలు మైదానములో ఘోరము జరిగినది. విహారయాత్రకు వచ్చిన తొమ్మిదేండ్ల బాలిక చేతికి ఊజీ అనే యంత్రపు తుపాకి ఇచ్చారు. శిక్షకుడు ప్రక్కనే నిలిచి ఉన్నాడు. ఒక్కొక్క తూటాగా కాల్చినంతసేపు బాగుగానే ఉన్నది. వరుసగా వెలువడేట్లు మార్చగానే ఆ తాకిడికి తుపాకి పైకి లేచినది; శిక్షకుని తలకు తూటా తగిలి ఆయన మరణించాడు. తనకు అది మోయరాని తుపాకియనియు, భుజము నొచ్చినదనియు ఆ పసిది వెంటనే చెప్పినదట. ఆయనకు తగిలిన సంగతియే ఆ క్షణమున ఎరుగదు. నేరము మోపనక్కరలేదని అధికారులు తేల్చారు. ఆమెకు దోషము అంటగట్టే ధర్మశాస్త్రము ఏదియు ఉండదు. ఆ బరువైన ఆయుధమును పసిచేతిలో ఉంచిన పెద్దల జాగ్రత్త మాత్రము విచారించదగినదే. దురుద్దేశము వారిలో ఒక్కరికిని లేదు. కొన్ని వారముల తరువాత మృతుని సంతానము ఆ బాలికను ఉద్దేశించి ఒక వీడియో సందేశము వెలువరించారు. ఆమెను నిందించుటలేదని, ఆమె కోలుకొనవలెనని కోరుతున్నామని అందులో తెలిపారు. తండ్రిని పోగొట్టుకొన్నవారు తామే ముందుగా ఆమె నిర్దోషిత్వమును పలికారు. ఆ మాట ఆమె తరఫువారు ఎన్నిమార్లు చెప్పినను అంత బరువు తూగేది కాదు.

ఆ దేశములో తుపాకుల వలన 2021లో మరణించినవారు 48,830 మంది. అందులో సగమునకు పైగా ఆత్మహత్యలు, తక్కినవానిలో అధికభాగము హత్యలు. ఇట్లు తెలియక జరిగినవి కొన్ని వందలు మాత్రమే. కనుక ఈ విచారణ తుపాకుల సమస్య అంతటికి సమాధానము కాదు, అట్లనుకొనుట అమాయకత్వము. విజయదశమినాడు ఆయుధమునకు పసుపుకుంకుమలు పెట్టే జాతి ఆయుధమును చూచినంతనే ముఖము త్రిప్పుకొనవలసిన పనియు లేదు.

మన్నింపు దొరికితీరుతుందని గూడ అనుకొనరాదు. పరశురాముని ఆశ్రమప్రాంతమున తిరుగుతూ కర్ణుడు తెలియక ఒక బ్రాహ్మణుని హోమధేనువును చంపాడు. బుద్ధిపూర్వకముగా చేయలేదని మరల మరల వేడుకొన్నాడు. గోవులను, ధనమును, రత్నములను ఇస్తానన్నాడు. బ్రాహ్మణుడు అంగీకరించలేదు. యుద్ధమున రథచక్రము భూమిలో క్రుంగుట ఆ శాపఫలమే. దశరథునికి లభించిన పాటి మాట గూడ కర్ణునికి లభించలేదు. ఇద్దరి తెలియమి ఒక్కటే. ఇచ్చేవాడు ఇచ్చినప్పుడే అది దొరుకుతుంది. అడిగి హక్కుగా పుచ్చుకొనేది కాదు.

ప్రొద్దు వాలేవేళకు ఆ మైదానములో కొత్తవాడు తన బల్ల సర్దుకొంటాడు. తూటాలలోని సీసపుధూళి చేతికి అంటి ఉంటుంది గనుక చేతులు కడుగుకొనక ఏమియు తినరాదని హెచ్చరిస్తారు. అంతకుమునుపే మరొక పని ఉన్నది. చివరి తూటా తానే కాల్చాడు, తుపాకి ఖాళీ అని తనకు తెలుసు. ఐనను దానిని మరల తెరచి, గొట్టము మట్టిగట్టువైపునకే ఉంచి, లోపల కన్నుతో చూచి, వ్రేలితో తడిమి, ప్రక్కవానిని గూడ ఒకమారు చూడుమంటాడు. ఈసారి ఎవరును గద్దించనక్కరలేదు.