తండ్రి కాయకము ఎంతవరకు?

గోదావరిఖని, రామగుండం ప్రాంతపు బొగ్గుగనులలో రేయింబవళ్ళు షిఫ్టులుగా పని సాగుచుండును. రాత్రి షిఫ్టు ముగించుకొని తండ్రి యిల్లు చేరి నిద్రించు వేళకు కుమారుడు బడికి పోవును. రెండవ షిఫ్టు వారమున బాలుడు నిద్రించిన పిమ్మట తండ్రి వచ్చును. అట్టి యింట నొక బాలుడు ఒకచోట కూర్చుండలేడు. చెప్పుమాట ముగియక మునుపే లేచిపోవును. పెన్సిలో పుస్తకమో నిత్యము పోగొట్టుకొనును. తల్లి దినమంతయు వానితో వేగును. తండ్రికి చేరునది ఫిర్యాదు మాత్రమే. అతడు చేయునది దండన.

చెమటోడ్చి జీతము తెచ్చినంతమాత్రమున తండ్రి కాయకము పూర్తియగునా? కాయకమునే పూజగా నెంచిన శరణ సంప్రదాయమువారు ఈ ప్రశ్నను తప్పించుకొనజాలరు.

1902లో లండనులో డాక్టర్ జార్జి స్టిల్ ఇట్టి బాలురను వర్ణించి, బుద్ధి సరిగానున్నను వీరియందు నైతిక నియంత్రణ లోపించినదని పలికెను. వైద్యశాస్త్రము ఆ మాటను క్రమముగా విడిచినది; మన యిండ్లు ఇంకను విడువలేదు. 1987 నుండి ఏ.డి.హెచ్.డి. యను పేర వ్యవహరింపబడుచున్న ఈ స్థితి ప్రపంచమున నూటికి సుమారు ఐదుగురు పిల్లలలో కానవచ్చును. ఇందు వంశానుగతమైన పాలు మిక్కుటము. తల్లి గారాబము కారణము కాదు. కొన్ని యిండ్లలో తండ్రియు బాల్యమున నట్టివాడే యైయుండును. చేయనొల్లనివానికి విధించు శిక్షను చేయలేనివానికి విధించుట న్యాయమగునా?

దోషము లేదన్నంత మాత్రమున బాలుని విడిచిపెట్టవలెనని కాదు. ఆరేండ్లు నిండని పిల్లల విషయమున మందుకంటె ముందు తలిదండ్రులకు శిక్షణ నిప్పింపవలెనని 2019లో అమెరికా శిశువైద్యుల సంఘము సూచించినది. ఆ శిక్షణలో గూఢమేమియు లేదు. ఆజ్ఞ ఒక్కటిగా, చిన్నదిగా, బాలుని దగ్గర నిలిచి చెప్పవలెను. మంచిపని చేసిన క్షణముననే మెచ్చుకొనవలెను. సాయంకాలమునకు దాచిన మెప్పు వానికి చేరదు. స్వల్పమైన అల్లరిని చూచియు చూడనట్లుండవలెను. తల్లి పెట్టిన నియమమును తండ్రి సడలింపరాదు.

కాని ఇట్టి తరగతులకు వచ్చువారు మిక్కిలిగా తల్లులే. అమెరికాలోని బఫెలోలో గ్రెగరీ ఫాబియానో యను మనస్తత్త్వవేత్త తండ్రుల కొరకు వేరొక పద్ధతిని కల్పించి, 2009లో ఫలితములను ప్రకటించెను. తండ్రులు తరగతిలో నేర్చుకొనుచుండగా పిల్లలు ఫుట్‌బాల్ ఆట నభ్యసింతురు. పిదప అదే మైదానమున తండ్రులు నేర్చినదానిని పిల్లలపై ప్రయోగింతురు. సాధారణ తరగతుల తండ్రులకంటె వీరు క్రమముగా వచ్చిరి.

1966 నాటి నిబంధనల ప్రకారము గనిలో దిగు క్రొత్త కార్మికునకు శిక్షణ తప్పనిసరి. దానిని ఎవ్వరును అవమానముగా తలపరు. తండ్రికి శిక్షణ యన్నచో మాత్రము నవ్వు వచ్చుట వింతయే. బొగ్గుపొరపై కప్పు ఎట్లు నిలుచునో నేర్చినవానికి, బాలుడు ఎట్లు నిలుచునో నేర్చుట తక్కువ పని కాదు.

ఇంతకును షిఫ్టుల చిక్కు కలదు. మొదటి షిఫ్టు వారమున తండ్రికి సాయంకాలము దొరకును. రెండవ షిఫ్టు వారమున ఉదయము. ఆసుపత్రిలోగాని మఠపు ఆవరణలోగాని ఇట్టి సమావేశము నడుపువారు ఒకే పాఠమును రెండు వేళలయందును చెప్పవలసియుండును.