శీతోష్ణములు – తితిక్ష

భగవద్గీత రెండవ అధ్యాయమున శ్రీకృష్ణ పరమాత్మ అర్జునునకు ఒక ఉపదేశము చేసెను. ఇంద్రియములు విషయములను తాకినప్పుడు చలియు వేడియు, సుఖమును దుఃఖమును పుట్టుచుండును. అవి వచ్చి పోవునవే గాని నిలుచునవి కావు. కావున ఓర్చుకొనుమని దాని భావము. ఈ ఓర్పునకే తితిక్ష అని పేరు. చెరకు తోటలలోను రబ్బరు తోటలలోను ఎండకు మాడిన పూర్వులను తలచుకొనునప్పుడు వారి సంతతివారు నేటికిని కొనియాడునది ఈ గుణమునే.

అదే గుణము నేడు అరబ్ ఎమిరేట్సులో పరీక్షకు నిలిచియున్నది. జగిత్యాల, నిజామాబాదు, కరీంనగరు ప్రాంతములనుండి పొట్ట చేత పట్టుకొని వెళ్లిన తెలుగువారు అనేకులు దుబాయి, అబుదాబి, షార్జాలలో కట్టడముల మీదను రహదారుల మీదను పనిచేయుచున్నారు. వేసవిలో అచ్చట ఎండ 45 డిగ్రీలు దాటుట వింత కాదు. ఇంటి అప్పు తీరవలెనని దప్పికను దిగమ్రింగి పనిచేయువానిని చూచి, ఎంతటి ఇంద్రియ నిగ్రహమని మెచ్చుకొనువారు కలరు. అది నిజముగా నిగ్రహమేనా?

ఇంద్రియములు చేయు పని యేమో ముందు తెలియవలెను. చర్మమునందలి నాడుల కొనలలో వేడిని కనిపెట్టు సూక్ష్మ ద్వారములు కలవు. వానిలో ఒకటి సుమారు 43 డిగ్రీల వేడి తగిలినంతనే తెరచుకొని మెదడునకు వార్త పంపును. దీనిని కనుగొన్న డేవిడ్ జూలియస్, స్పర్శజ్ఞాన రహస్యమును శోధించిన ఆర్డెమ్ పటపూటియన్ 2021లో నోబెల్ బహుమానమును పంచుకొనిరి. జూలియస్ ఈ ద్వారమును పట్టుకొన్నది మిరపకాయలోని కారపు పదార్థము సాయముననే. నిప్పు లేకున్నను కారము ఆ ద్వారమును తెరచును. కనుకనే నోరు మండినట్లు తోచును. గుంటూరు మిరపకాయ కొరికి కన్నీరు పెట్టుకొన్న ప్రతి తెలుగువాడును ఈ శాస్త్రమును నాలుకతో చదివినవాడే!

ఎండలో కాలిన ఇనుపకడ్డీని తాకిన చేయి, మంట మనసునకు తెలియకముందే వెనుకకు వచ్చును. ఆ ఆజ్ఞ వెన్నుపామునుండియే వెలువడును. రక్షణ విషయమున సృష్టికర్త మనసు అనుమతికై వేచియుండలేదు.

లోపలి వేడిని చూచు అధికారి వేరు. మెదడు అడుగున హైపోథాలమస్ అను చిన్న భాగము కలదు. శరీరమును 37 డిగ్రీల దరిదాపున నిలుపుట దాని బాధ్యత. వేడి హెచ్చినచో అది చర్మమునకు రక్తమును మళ్లించి చెమట పట్టించును. కష్టమైన పనిలో గంటకు ఒక లీటరుకు మించి చెమట పోవచ్చును. అయితే చల్లబరచునది చెమట కారుట కాదు, ఆరుట. ఎడారి పొడిగాలిలో అది కనబడకుండనే ఆరిపోవును. దుబాయి తీరపు తేమగాలిలో ధారగా కారును గాని ఆరదు. చొక్కా తడియును, దేహము మాత్రము కాగుచునే యుండును.

దప్పిక సంగతి మరింత సూక్ష్మము. రక్తమున ఉప్పు పాలు కొంచెము పెరిగినచో ఆ ప్రాంతపు కణములే దాహమును పుట్టించును. కాని రెండు గుక్కల చల్లని నీరు గొంతు దిగినంతనే, అది రక్తమున చేరకముందే, దాహము అణగిపోవును. లోటు మాత్రము లోపల అట్లే యుండును. ఎండలో దాహము ఆలస్యముగా వచ్చి తొందరగా వెళ్లిపోవు దూత. అట్టి దూతను సైతము గెంటివేయుట ఏమి నిగ్రహము?

గీత పదునేడవ అధ్యాయమున, శాస్త్రము విధింపని ఘోరతపస్సుతో శరీరమును శోషింపజేయువారు అందున్న పరమాత్మనే బాధించుచున్నారని భగవానుడు కఠినముగా పలికెను. రెండవ అధ్యాయమును మాత్రమే చదివి ఓర్పు బోధించువారు ఇంత దూరము వచ్చినట్లు లేదు. అచ్చటనే తాబేలు ఉపమానమును గలదు. తాబేలు అవయవములను లోనికి ముడుచుకొనును, నరికివేసికొనదు. ఎమిరేట్సు ప్రభుత్వము 2005 నుండి వేసవి మధ్యాహ్నములందు ఆరుబయట పనిని నిషేధించుచున్నది. ప్రస్తుత నియమము జూన్ 15 మొదలు సెప్టెంబరు 15 వరకు, పగలు 12:30 నుండి 3 గంటల దాక. ఆ రెండున్నర గంటలు తాబేలు ముడుచుకొనవలసిన వేళ. ఆ వేళ నీడ పట్టున కూర్చున్నవాడు సోమరి కాడు.

కొత్తగా దిగినవానికి అపాయము హెచ్చు. ఎండకు దేహము అలవాటుపడుటకు వారము మొదలు రెండు వారములు పట్టును. సెలవుపై ఇంటికి పోయి వచ్చినవానికిని ఆ అలవాటు సడలియుండును. ఏకాదశి వచ్చినదని నిర్జలోపవాసముతో ఎండలో పనికి దిగుట భక్తి యనిపించుకొనదు.

కఠోపనిషత్తు దేహమును రథముగను, ఇంద్రియములను గుఱ్ఱములుగను, మనసును పగ్గముగను, బుద్ధిని సారథిగను వర్ణించినది. వడదెబ్బ యొక్క భయంకరత్వము ఈ పోలికతోనే బోధపడును. లోపలి వేడి 40 డిగ్రీలు దాటునప్పటికి మెదడే తడబడును. మాట తొట్రుపడును, నడక తూలును. నాకేమియు కాలేదని వాడే వాదించును. గుఱ్ఱములు ఎంత సకిలించినను వినవలసిన సారథి స్పృహ తప్పియున్నాడు. అప్పుడు పగ్గము పక్కవాడు అందుకొనవలెను. నీ ఊరేది, నేడు ఏ వారమని అడిగినప్పుడు తోటివాడు తడబడెనేని, వెంటనే నీడకు చేర్చి, బట్టలు సడలించి, ఒళ్లంతయు చల్లని నీటితో తడిపి విసరవలెను. స్పృహ లేనివాని నోట నీరు పోయరాదు. అచ్చట అంబులెన్సునకు పిలువవలసిన సంఖ్య 998. అది వచ్చువరకు తడుపుట ఆపరాదు.