దీపమునకు నూనె తెచ్చినవారు

వాక్యభాగములు: నిర్గమకాండము 27:20, 21; లేవీయకాండము 19:33–36



ప్రత్యక్ష గుడారములో రాత్రంతయు దీపము వెలుగవలెనని దేవుడు మోషేతో చెప్పెను. ఆ దీపమును చూచుకొను పని అహరోనుది, అతని కుమారులది. మరి నూనె ఎవరు తేవలెను? ఆ బాధ్యతను ప్రజలందరి మీద ఉంచెను. ఒలీవ కాయలు దంచిన చేతులు ఎన్నో, వెలిగిన దీపము ఒక్కటే. గుడారములోనికి అడుగుపెట్టుటకు వీలులేని సామాన్యుని ఇంటి నూనె కూడా అందులో ఉన్నది.

ఈ మాటను మన ఇండ్లకు వచ్చే కరెంటుతో కలిపి ధ్యానించుదము. ఇది లోకసంబంధమైన సంగతి గదా, ప్రసంగములో దీనికి ఏమి చోటు అని కొందరు అనవచ్చును. అర్ధరాత్రి కాన్పు నొప్పులు వస్తే నర్సమ్మకు వెలుగు కావాలి. పసిబిడ్డల టీకా మందులను 2 నుండి 8 డిగ్రీల చల్లదనములో ఉంచకపోతే పాడైపోవును. మోటారు తిరగకపోతే బిందె నిండదు. బడిలో పాఠములు చెప్పినవాడను గనుక ఒక మాట చెప్పగలను: లాంతరు దగ్గర చదివిన పిల్లవాడు, బల్బు క్రింద చదివిన పిల్లవాడు ఒకే పరీక్ష వ్రాయుదురు గాని, చదువుకొనుటకు ఇద్దరికీ దొరికిన సమయము ఒకటి కాదు. 2023 నాటికి కూడా ప్రపంచములో 66 కోట్లకు పైగా జనులకు కరెంటు లేదు. వారిలో ఎక్కువమంది ఆఫ్రికావారు. రోగులను ముట్టి, ఆకలిగొన్నవారికి రొట్టె పంచిన ప్రభువునకు ఇది దూరమైన సంగతి కాదు.

మొదటిది: మన వెలుగు ఇతరుల చేతుల మీదుగా వచ్చినది.

మన తిరువళ్ళూరు జిల్లాలోనే అత్తిపట్టు వద్ద ఉత్తర చెన్నై థర్మల్ కేంద్రము 1994 నుండి పనిచేయుచున్నది. దాని దగ్గరనే వల్లూరులో 1,500 మెగావాట్ల కేంద్రము ఉన్నది. అక్కడ కాలే బొగ్గులో చాలా భాగము ఒడిషాలోని తాల్చేరు గనుల నుండి ఓడలలో వచ్చును. పూండి జలాశయము దాటి పారే కుశస్థలి నది ఎన్నూరు వద్ద సముద్రములో కలియును. అక్కడ బూడిద చేరి చేపలు తగ్గిపోయినవని జాలరులు ఎన్నో ఏండ్లుగా మొరపెట్టుకొనుచున్నారు. మనము స్విచ్చి వేసినప్పుడు గనిలో పనివాని చెమట, జాలరి నష్టము కూడా ఆ వెలుగులో ఉన్నవి. బిల్లు కట్టితిమి గనుక ఎవరికీ ఋణపడలేదని అనుకొనవద్దు. అవసరము లేని దీపము ఆర్పుట పిసినారితనము కాదు, కృతజ్ఞత.

రెండవది: కలిసి తెచ్చిన నూనెతో దీపము నిలుచును.

తెలంగాణలోని సిరిసిల్లలో 1969లో విద్యుత్ సహకార సంఘము ఏర్పడెను. దేశములో మొట్టమొదట ఏర్పడిన ఐదు గ్రామీణ విద్యుత్ సహకార సంఘములలో అది ఒకటి. కరెంటు వాడుకొనువారే సభ్యులు. వారే ఓటు వేసి పాలకవర్గమును ఎన్నుకొందురు. ఆ కరెంటుతో అక్కడ మరమగ్గములు నడిచినవి, పొలములకు నీరు పారినది. పొదటూరుపేట, అమ్మయ్యార్‌కుప్పము మగ్గములవారికి ఇందులోని మేలు వేరుగా వివరించనక్కరలేదు. కరెంటు పోతే మగ్గము ఆగును, మగ్గము ఆగితే పొయ్యి ఆగును.

మన తమిళనాడులోనే కోయంబత్తూరు జిల్లాలో ఓడంతురై అను పంచాయతీ ఉన్నది. 2006లో ఆ గ్రామస్థులు తమ పంచాయతీ పొదుపు సొమ్మునకు బ్యాంకు అప్పు కలిపి, సుమారు 1.55 కోట్ల రూపాయలతో 350 కిలోవాట్ల గాలిమరను పెట్టించుకొనిరి. తమకు కావలసినంత పోగా మిగిలిన కరెంటును బోర్డుకు అమ్మిరి. ఎవరో దానము చేయుదురని వారు కనిపెట్టుకొని కూర్చుండలేదు. ఎవరి పాలు నూనె వారు తెచ్చిరి.

మూడవది: మీటరు కూడా ఒక త్రాసే.

ఇది మనకు దగ్గర మాట గనుక ఓపికతో చదువుడి. తూకములోను కొలతలోను అన్యాయము చేయకూడదని దేవుడు లేవీయకాండములో ఆజ్ఞాపించెను. దానికి ముందు మాటలోనే పరదేశిని బాధింపవద్దనియు, ఐగుప్తులో మీరును పరదేశులేననియు జ్ఞాపకము చేసెను. ఈ రెండు మాటలు ప్రక్కప్రక్కన ఉండుట ఊరకనే కాదు. తూకములో మోసపోవువాడు సాధారణముగా ఊరికి క్రొత్తవాడే.

మనలో కొందరి పెద్దలు కదలకుండానే రాష్ట్రము మారినవారు. తిరుత్తణి 1960 ఏప్రిల్ 1న మద్రాసు రాష్ట్రములో చేరినది. మరికొందరు కూలికి, ఉద్యోగమునకు వలస వచ్చినవారు. ఈనాడు మనకు సొంత ఇండ్లు ఉన్నవి, అద్దె గదులు ఉన్నవి. ఆ గదులలో నేడు వలస వచ్చినవారు ఉన్నారు. 2016 నుండి ఈ రాష్ట్రములో గృహములకు రెండు నెలలకు 100 యూనిట్లు ఉచితము. ఆ ఉచితమును ఇంటి యజమాని తనకు ఉంచుకొని, సబ్ మీటరు పెట్టి, బోర్డు ధర కంటె ఎక్కువ లెక్కన అద్దెవారి యొద్ద వసూలు చేయుట కొన్ని చోట్ల వాడుక అయినది. అందరూ చేయుచున్నారు గదా అనవద్దు. ఆదివారము కానుక వేసిన చేయి సోమవారము పేదవాని ఫ్యాను గాలి మీద లాభము తీయవచ్చునా? బిల్లు చూపించి, ఎవరి వాడకమునకు తగినంత వారి యొద్ద తీసికొనుడి. అంతకు మించినది ప్రభువు ఎదుట తప్పు తూకము.

అలాగే క్రిస్మస్ నక్షత్రము కొరకు వీధి తీగకు కొక్కెము తగిలించవద్దు. అది దొంగతనము, ప్రాణాపాయము కూడా. దొంగ నూనెతో వెలిగిన దీపమును ప్రభువు కోరలేదు.

సంఘముగా మనము చేయదగినవి ఉన్నవి. 2016 డిసెంబరు 12న వర్ధా తుఫాను వచ్చినప్పుడు స్తంభములు కూలి ఎన్నో ఇండ్లు రోజుల తరబడి చీకటిలో ఉండెను. అట్టి దినములలో ఇన్వర్టరు ఉన్న మందిరము తలుపు మూయకూడదు. ఏ మతమువారైనను ఫోను చార్జి చేసికొననివ్వుడి, పిల్లలను చదువుకొననివ్వుడి. 2024లో ప్రారంభమైన సూర్యఘర్ పథకములో ఇంటి కప్పు మీద సోలార్ పలకలకు 78,000 రూపాయల వరకు సబ్సిడీ ఉన్నది. డాబా ఇల్లు ఉండి దరఖాస్తు చేయుట తెలియని విధవరాలికి మన యౌవనస్థులు ప్రక్కన కూర్చుండి సహాయపడవలెను.

ప్రియులారా, ఈ నెల కరెంటు బిల్లు చేతికి వచ్చినప్పుడు దానిని ప్రార్థనలో పెట్టుడి. నా వెలుగులో ఎవరి నూనె ఉన్నది? నా గోడకు ఆనుకొని ఉన్న గదిలో ఎవరు చీకటిలో ఉన్నారు? ప్రభువు మనకు న్యాయమైన చేతులను దయచేయును గాక. ఆమేన్.