తాను కట్టని ఇంటిని అమ్ముట

తాను సంపాదించిన వస్తువును అమ్ముకొనువానిని లోకము ప్రశ్నింపదు. తాతలు కట్టిన ఇంటిని అమ్ముకొనువానిని మాత్రము ప్రశ్నించును. అంతకు ముందే అతని మనస్సు అతనిని ప్రశ్నించును. హక్కుపత్రము అతని పేరిటనే ఉన్నది, చట్టము అడ్డు చెప్పుట లేదు, కొనువాడు సిద్ధముగా ఉన్నాడు. అయినను చేవ్రాలు చేయబోవు వేళ చేయి ఏల తడబడును? ఈ తడబాటు కేవలము మమకారమా, లేక ధర్మమునకు సంబంధించిన అంశము ఏదైనను అందు కలదా అనునది విచారింపదగిన విషయము. ఇల్లు కట్టి చూడుమని మనలో సామెత కలదు గాని, తాను కట్టని ఇంటిని అమ్మి చూడుమని పెద్దలెవ్వరును చెప్పినట్లు లేదు. అదియు తక్కువ పరీక్ష కాదు.

ఈ ప్రశ్న ఇంగ్లాండు దేశపు గ్రామసీమలలో మిక్కిలి స్పష్టముగా కానవచ్చును. అచ్చటి పల్లెలలో చర్చి ప్రక్కననో, ఊరి నడుమనున్న పచ్చికబయలు అంచుననో రెండు మూడు వందల ఏండ్ల నాటి పెద్ద ఇల్లు ఒకటి తరచుగా ఉండును. ఓకు కఱ్ఱ దూలములు, సున్నపు గార, ఏడెనిమిది పడకగదులు, ఒక ప్రక్క గుఱ్ఱపుసాల, పండ్లతోట చుట్టును ఇటుక గోడ. పూర్వము బిడ్డలతోను, బంధువులతోను, పనివారితోను నిండియుండిన అట్టి ఇంటిలో నేడు వృద్ధ దంపతులు ఇద్దరు, వారిలో ఒకరు గతించిన పిమ్మట మిగిలినవారొకరు, రెండు గదులను మాత్రము వెచ్చగా ఉంచుకొని చలికాలము గడపుచుందురు. పిల్లలు నగరములలో స్థిరపడియుందురు. పైకప్పును ఒకసారి విప్పి మరల కప్పించుటకు అయ్యెడి వ్యయము పింఛనుతో బ్రదుకువారికి అందునది కాదు. ఇల్లు వారిని కాపాడుట పోయి, వారే ఇంటికి కావలివారగుదురు.

పూర్వకాలమున వారికి ఈ సంశయము కలుగకుండ చట్టమే అడ్డుపడెడిది. వంశపు భూమిని, ఇంటిని తండ్రి తన జీవితకాలమున అనుభవింపవలసినదే గాని అమ్మరాదు; అవి పెద్దకుమారునికి, పిదప అతని పెద్దకుమారునికి చెందునట్లు పత్రములు వ్రాయబడెడివి. 1882 నాటి చట్టము అట్టి అనుభవదారునకు అమ్మకపు అధికారము నిచ్చినది; వంశపు ప్రధాన గృహమునకు మాత్రము ధర్మకర్తల సమ్మతి గాని, న్యాయస్థానపు ఉత్తరువు గాని కావలెనని నిబంధన పెట్టినది. భూమి అమ్మకమున కలుగని సంకోచము ఇంటి విషయమున చట్టమునకే కలిగినదన్న మాట. 1894లో మరణానంతర సుంకము వచ్చినది. యుద్ధములలో వారసులు మరణించుటయు, సుంకపు రేటు పెరుగుటయు, పనివారు దొరకకపోవుటయు కలిసి 20వ శతాబ్దమున పెక్కు మహాగృహములు నేలమట్టమైనవి. 1974లో లండనులోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియమువారు ఈ విధ్వంసముపై ఒక ప్రదర్శన ఏర్పరచి, కూలిన గృహములు వేయికి పైబడినవని చూపిరి. నేడు 3,25,000 పౌండ్లకు మించిన ఆస్తిపై సాధారణముగా నూటికి 40 వంతున వారసత్వపు పన్ను కలదు. నివాసగృహము సొంత బిడ్డలకు చెందినచో మరి 1,75,000 పౌండ్ల వఱకు మినహాయింపు దొరకును గాని, ఆస్తి మొత్తము 20 లక్షల పౌండ్లు దాటినకొలది అది తరిగిపోవును. కావున ఇంటిని అమ్ముట అనేకులకు కోరిక కాదు, లెక్క.

అయినను అవసరము అన్ని ప్రశ్నలకును సమాధానము కాజాలదు. 1790లో ఎడ్మండ్ బర్క్ ఫ్రెంచి విప్లవమును ఖండించుచు, సమాజమనునది బ్రదికియున్నవారి నడుమ మాత్రమే కాక, గతించినవారితోను, పుట్టబోవువారితోను కూడిన భాగస్వామ్యమని వాదించెను. ఉన్నవారు కొంతకాలపు అనుభవదారులు మాత్రమే. వారసత్వమును పాడుచేసి తరువాతివారికి శిథిలమును అప్పగించు అధికారము వారికి లేదని ఆయన తాత్పర్యము. మరుసటి ఏడు థామస్ పెయిన్ దీనికి బదులు చెప్పుచు, సమాధిలోనివారు జీవించియున్నవారిని శాసింపజాలరని, ప్రతి తరమును తన వ్యవహారములలో స్వతంత్రమని నొక్కి వ్రాసెను. వారు వాదించినది రాజ్యవ్యవస్థను గూర్చియే గాని ఒక ఇంటిని గూర్చి కాదు. అయినను పాత ఇంటి వారసుని హృదయములో ఈ ఇరువురును ఎదురెదురుగా కూర్చుండి వాదులాడుచునే యుందురు. బర్క్ గృహచరిత్ర మాత్రము విషాదకరమైనది. 1768లో ఆయన బేకన్స్‌ఫీల్డు దాపున గ్రెగొరీస్ అను ఎస్టేటును అప్పు చేసి కొనెను. దానికి వారసుడు కావలసిన కుమారుడు 1794లో మరణించెను. 1797లో తాను గతించిన పిమ్మట భార్య దానిని విక్రయించెను. 1813లో ఆ ఇల్లు కాలిపోయినది. ఇందువలన ఆయన తత్త్వము తప్పని చెప్పరాదు. ఇండ్లు తత్త్వమునకు కట్టుబడి నిలుచునవి కావని మాత్రము చెప్పవచ్చును.

గోడల విషయమున బర్క్ పక్షమును నేటి చట్టమే చాలవఱకు వహించినది. 1947 నాటి చట్టము పిమ్మట చారిత్రక కట్టడములను పట్టికలలో నమోదు చేయు పద్ధతి బలపడినది. ఇంగ్లాండులో అట్టి నమోదులు నేడు సుమారు 4 లక్షలు కలవు. అనుమతి లేక అట్టి కట్టడమును కూల్చుటయు, దాని స్వరూపమును మార్చుటయు నేరము. కావున అమ్మకముతో పూర్వుల కట్టడమే నశించునను భయమునకు ఆధారము తగ్గినది. వారసునిపై మిగిలియుండునది వేరొక ఋణము.

ఆ ఋణము ఎట్టిదో తెలిసికొనుటకు ఒక పాత గురుగృహపు వృత్తాంతము తోడ్పడును. కవి జార్జ్ హెర్బర్ట్ 1630లో సాలిస్‌బరీ నగరము చెంతనున్న బెమర్టన్ అను పల్లెకు చర్చి గురువుగా వచ్చెను. అచ్చటి గురుగృహము శిథిలమైయుండగా సొంత ధనముతో తిరిగి కట్టించెను. అది ఆయన వారసులకు పోవునది కాదు. తరువాత వచ్చు గురువునకు పోవునది. అందుచే ఆ తరువాతివానిని ఉద్దేశించి పొయ్యి పైభాగమున ఒక చిన్న పద్యమును వ్రాయించెనని, 1670లో ఆయన చరిత్రను ప్రకటించిన ఐజాక్ వాల్టన్ తెలిపెను. ఖర్చు లేకుండ ఇల్లు పొందినవాడు బీదలను మరువరాదనునది అందలి విన్నపము. హెర్బర్ట్ మూడేండ్లకే, 1633లో, గతించెను. 20వ శతాబ్దమున ఇంగ్లాండు చర్చి ఇట్టి పాత గురుగృహములను పెక్కింటిని అమ్మివేసినది. బెమర్టన్‌లోని ఆ ఇల్లు కాలక్రమమున మన దేశపు రచయిత విక్రమ్ సేఠ్ చేతికి వచ్చినది.

హెర్బర్ట్ అడిగినది గమనింపదగినది. ఇంటిని మార్చవద్దని అనలేదు, ఇతరులకు విడువవద్దని అనలేదు, తన పేరు తలచుకొనుమని అసలే అనలేదు. ఆయన అడిగినది ఇంటిని పొందినవాని నడవడిని. తాను కట్టనిది తనకు దక్కినదను ఎఱుకయే ఋణము. అది ఇంటిని పట్టుకొని కూర్చున్నంతనే తీరునది కాదు, అమ్మినంతనే మాసిపోవునది కాదు. అమ్మకమును ఏ తీరున నడిపెననుదానిలోనే దానికి పరీక్ష.

ఆ పరీక్షలో మొదటిది మాట. ఇంగ్లాండులో ఇంటి బేరము కుదిరినంత మాత్రమున బంధము ఏర్పడదు. అమ్మువాడు సరేయనును, కొనువాడు సర్వేయరుచేత ఇంటిని పరీక్ష చేయించును, న్యాయవాదికి రుసుము చెల్లించును, బ్యాంకులో ఋణమునకు ఏర్పాటు చేసికొనును. సంతకములు చేసిన ఒప్పందపు ప్రతులను ఇరువురును మార్చుకొనువఱకు, దానికి వారములు, ఒక్కొక్కప్పుడు నెలలు పట్టును, ఎవరు వెనుకకు మరలినను చట్టము పట్టించుకొనదు. భూమిని గూర్చిన ఒప్పందము వ్రాతలోనే ఉండవలెనని 1989 నాటి చట్టము కచ్చితముగా చెప్పుచున్నది. ఈ ఎడములో మరియొకడు వచ్చి ముప్పది వేల పౌండ్లు అధికముగా చూపగా, మొదటివానికి ఇచ్చిన మాటను విడిచి రెండవవానితో పోవుటను వారు గజంపింగ్ అందురు. పేరు వింతగా ఉన్నను పని లోకమునకు పాతదే. చివరి దినమున ధర తగ్గింపుమని పట్టుపట్టు కొనుగోలుదారులును లేకపోలేదు.

విడిచిన ముప్పది వేలు తన బిడ్డల సొమ్మని అమ్మువాడు సమర్థించుకొనును. ఈ వాదమున కొంత బలము కలదు. బిడ్డలయెడ బాధ్యత కల్పితము కాదు. కాని మొదటి కొనుగోలుదారుడును తన బిడ్డల సొమ్మునే సర్వేయరునకు, న్యాయవాదికి చెల్లించినాడు; అదియు ఇతని మాట నమ్మి చెల్లించినాడు. అధిక ధర కావలెనన్నచో మాట ఇచ్చుటకు పూర్వమే గడువు పెట్టి, కోరినవారందఱివద్దను మూసిన కవరులలో ధరలు తెప్పించుకొనుటలో దోషమేమియు లేదు. మాట ఇచ్చిన పిమ్మట ధరలు వెదకుటలోనే దోషమున్నది. వంశగౌరవము పోవునని విచారించువాడు దానిని పైకప్పులో వెదకుట కంటె ఇచ్చిన మాటలో వెదకుట మేలు. గోడలపై తాతముత్తాతల పటములు వ్రేలాడుచుండగా మాట తప్పినవాడు, ఇంటిని అమ్మినందులకు కాక, అందులకే వారికి సంజాయిషీ చెప్పవలసియుండును.

రెండవది లోపములను చెప్పుట. కొనువాడే జాగ్రత్తపడవలెననునది ఆంగ్ల న్యాయమున పాత సూత్రము. అడిగినదానికి అసత్యము చెప్పినచో మాత్రము 1967 నాటి చట్టము బాధ్యత మోపును. కాని పాత ఇంటి లోపములు అడుగుటకు తోచునవి కావు. సున్నముతో కట్టిన గోడపై ఎవరో సిమెంటు గార పూసినచో తేమ బయటికి పోవు దారి మూసికొని లోపలి దూలము కుళ్లుచుండును. పైకి గోడ నున్నగా కనిపించును. పట్టికకెక్కిన ఇంటిలో తండ్రి ఏనాడో అనుమతి లేక పాత కిటికీలను తీసివేసి క్రొత్తవి పెట్టించియుండవచ్చును. ఆ పని చేసినవాడు గతించినను, దానిని సరిచేయుమను ఉత్తరువు నేటి యజమానిపై రాగలదు; దానికి కాలపరిమితి లేదు. తెలిసియు చెప్పక అమ్మినవాడు ఇంటితోపాటు తండ్రి తప్పును కూడ పరునికి అంటగట్టినట్లగును. ఇచ్చట పితృభక్తియు, ధనాశయు ఒక్కటియై నోరు మూయించుటకు చూచును. వినయముగా తోచు మౌనమును అనుమానింపవలసిన చోటు ఇదియే.

ఇక ధర. అట్టి ఇంటికి పలుకు ధరలో కట్టినవాని పనితనము కొంత. మిగిలినది ఆ పల్లెదే. రైలు మార్గము, మంచి బడి, కొండవాలున కాలిబాట, చర్చి గంటలు, ఇరుగుపొరుగు మర్యాద, వీనిలో ఏదియు వారసుడు చేసినది కాదు. భూమి విలువ యజమాని శ్రమ లేకయే సమాజపు అభివృద్ధివలన పెరుగునని 1848లో జాన్ స్టూవర్ట్ మిల్ చెప్పినది ఇచ్చట పూర్తిగా వర్తించును. అట్టి ఇంటిని వారాంతములలో మాత్రము తలుపు తీయు ధనవంతునికి అమ్ముటయా, కొంచెము తక్కువకైనను ఏడాది పొడుగునా కాపురముండి పిల్లలను ఊరి బడికి పంపు కుటుంబమునకు అమ్ముటయా? రెండవ ఇండ్లవలన పల్లెలు పాడుపడుచున్నవని తలచియే 2025 ఏప్రిల్ నుండి అట్టి ఇండ్లపై స్థానిక పన్నును రెండింతలు చేయు అధికారము అచ్చటి కౌన్సిళ్లకు ఇయ్యబడినది. అప్పులలో మునిగినవానిని, పన్ను కట్టుటకే అమ్మువానిని ధర తగ్గించుకొమ్మని చెప్పుట అన్యాయము. కలిగినవాడు మాత్రము గత్యంతరము లేదని చెప్పుకొనరాదు. అమ్మిన భూమిపై కొన్ని నిబంధనలు విధించు వీలును కలదు. 1808లో లండనులోని లీస్టర్ స్క్వేరు తోటను, తోటగానే ఉంచవలెనను షరతుతో ఒకరు అమ్మిరి. ఆ షరతు నెఱిగి కొన్న తరువాతివానిని కూడ అది బంధించునని 1848లో న్యాయస్థానము తీర్పు చెప్పెను. ఊరివారు ఏటేట వేసవి సంబరము జరుపుకొను పచ్చికను అమ్మువాడు ఇట్లు కాపాడవచ్చును. కాలము చెల్లిన షరతులను తొలగించు అధికారమును చట్టమే ట్రిబ్యునలునకు ఒసగినది. బర్క్‌కును పెయిన్‌కును నడుమ ఇదియొక రాజీ.

హక్కుపత్రములలో పేరు లేనివారును ఉందురు. ముప్పది ఏండ్లు తోటను పెంచినవాడు, తల్లికి కడసారి సేవ చేసిన స్త్రీ, గుఱ్ఱపుసాలపై గదిలో స్వల్ప అద్దెకున్న వృద్ధుడు. అమ్మకపు వార్త వారికి వీధిలోని ప్రకటన పలకను చూచి తెలియరాదు. సోదరుల పంపకములను గూర్చి ఇచ్చట విస్తరింప నక్కఱలేదు. ఆ కలహములు ఏ దేశమున చూచినను ఒక్కటే.

తుదకు ఇల్లు ఖాళీ చేయు దినములు వచ్చును. ఇంటికి అంటుకొనియున్నది ఇంటితో పోవును, ఎత్తి తీసికొనిపోదగినది అమ్మువానికి మిగులును అని ఆంగ్ల న్యాయము విభజించును. స్థావరము, జంగమము అను మాటలు మన పాఠకులకు చిరపరిచితములు. న్యాయవాదులు వానిని తలచునది మాత్రము కర్రలు, మేకులు లెక్కించుటకు. పటములు జంగమము, పటములు తగిలించిన చెక్కపలకలు స్థావరము. చిక్కు వచ్చునది వంటింటి ద్వారబంధముతో. పుట్టినరోజున పిల్లలను నిలువబెట్టి వారి ఎత్తును పెన్సిలుతో గుర్తించి, తేదీ వేసిన గీతలు అనేక గృహములలో అట్టి ద్వారబంధములపైననే ఉండును. తాత గీత ప్రక్కనే మనుమని గీత. అది స్థావరము, కొన్నవానికి చెందును. పట్టికకెక్కిన ఇంటిలో దానిని ఊడదీయవలెనన్న అనుమతి కావలెను. కొందఱు పొడవైన కాగితమును ఆనించి గీతలన్నింటికిని నకలు తీసికొని, చుట్టగా చుట్టి వెంట తీసికొనిపోదురు. ద్వారబంధము అచ్చటనే నిలుచును. రంగు వేయించునప్పుడు ఆ గీతలను ఉంచవలెనా, తుడిపివేయవలెనా అనునది క్రొత్తవారి ఇష్టము.